మాస్టారి బీపీ

తెల్లవారుజామున మొదటి బ్రెడ్డు పొయ్యిలోంచి బయటికి వచ్చే వేళకే మాస్టారి గొంతు కూడా వీధిలోకి వచ్చేసేది. ఇరుగుపొరుగు వాళ్ళకి అలారం అక్కర్లేదు. "ఈ ట్రేలు ఇలా పేర్చింది ఎవరు? నా బీపీ పెంచాలనే కంకణం కట్టుకున్నారా?" అన్న మాట చెవిన పడితే చాలు, ఇక లేవాల్సిందేనని దుప్పట్లు మడతపెట్టేవారు.

ఆయన బేకరీ పెట్టి పాతికేళ్ళు దాటింది. చెయ్యి మంచిది. ఆయన చేసిన బన్ను రెండో రోజుకి కూడా దూదిలా ఉంటుందని పక్క వీధుల వాళ్ళూ ఒప్పుకుంటారు. నోటితోనే వచ్చింది తంటా. పిండి బస్తా ఆలస్యంగా వస్తే కోపం, తొందరగా వచ్చి దారికి అడ్డంగా ఉంటే కోపం. అందుకే అందరూ ఎదురుగా మాస్టారనీ, చాటుగా చిటపట మాస్టారనీ పిలిచేవారు. ఆ రెండో పేరు ఆయనకి తెలియకపోలేదు. లోలోపల కాస్త గర్వం కూడాను.

ముందు దుకాణం, వెనక పొయ్యిగది, పైన ఇల్లు. గల్లాపెట్టె దగ్గర ఆయన భార్య కూర్చునేది. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. మాస్టారు కసురుకున్న మనిషిని ఆవిడ గుమ్మం దాటనిచ్చేది కాదు. "ఏమీ అనుకోకండి, ఆయనకి బీపీ" అనేది మెల్లగా. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్ళ కోపం జాలిగా మారిపోయేది. వచ్చిన పనికి తోడు ఇంకో రెండు బన్నులు కొనుక్కుని వెళ్ళేవారు.

ఆ బీపీ కథ చాలా పాతది. ఎప్పుడో ఇంటి యజమానితో గొడవపడి, వగరుస్తూ ఒక క్లినిక్ మెట్లెక్కితే, అక్కడి డాక్టరు చూసి "కాస్త ఎక్కువగా ఉందండీ, వారం ఆగి మళ్ళీ రండి" అన్నాడు. మాస్టారు మళ్ళీ వెళ్ళలేదు. 'ఎక్కువగా ఉంది' అన్న ముక్క మాత్రం పట్టుకుని ఇంటికొచ్చారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చెడ్డ కబురు ఏదొచ్చినా ఆవిడ దగ్గరే ఆగిపోయేది. పైకప్పు కారినా, కూతురికి లెక్కల్లో మార్కులు తగ్గినా, "నాన్నకి చెప్పకు, బీపీ పెరుగుతుంది" అనేది. కూతురికి ఆ మాట అక్షరాలతో పాటే వచ్చేసింది.

మాస్టారికి కూర వేరే వండేది, ఉప్పు తగ్గించి. తను మాత్రం పైకెళ్ళి తినే తీరిక లేక, విరిగిపోయిన ఉప్పు బిస్కెట్లు టీలో ముంచుకుని మధ్యాహ్నం గడిపేసేది. "విరిగినవి ఎలాగూ అమ్మలేం కదా" అనేది.

కూతురిని ఇంట్లో చిట్టి అంటారు. కేకుల మీద క్రీముతో పూలు వేస్తే నిజం పూలేమోనని ముట్టుకుని చూసేవారు జనం. ఆ ఏడు తండ్రి పుట్టినరోజుకి చిట్టి చొక్కాగుడ్డకు బదులు ఒక అట్టపెట్టె తెచ్చింది.

"ఏంటే ఇది?"

"బీపీ చూసుకునే మిషను నాన్నా. ఇక క్లినిక్‌కి రమ్మని మిమ్మల్ని బతిమాలే పని లేదు."

మాస్టారు ముచ్చటపడిపోయారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, పతకం తొడిగించుకోబోయే మనిషిలా కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పట్టీ బిగిసింది, వదిలింది. అంకెలు వచ్చాయి.

"నూట ఇరవై నాలుగు, డెబ్భై ఎనిమిది" అని చదివింది చిట్టి. "బాగానే ఉంది నాన్నా!"

"బాగానే ఎందుకుంటుంది?" మాస్టారు గయ్యిమన్నారు. "పొద్దుట్నుంచి ముగ్గురి మీద అరిచాను! మళ్ళీ చూడు."

మళ్ళీ చూసినా ఇంచుమించు అంతే.

"నిన్ను ఎవరో బాగా మోసం చేశారు తల్లీ. ఉండు, ఇప్పుడే తేలుస్తాను. ఇదిగో, నువ్విలా రా" అని భార్యను పిలిచారు. "మీ అమ్మకి కోపమంటే ఏంటో తెలీదు. దీనికి ఎంత చూపిస్తుందో చూద్దాం."

"నాకెందుకండీ, పొయ్యిలో ట్రే ఉంది" అంటూనే ఆవిడ చెయ్యి చాపింది.

నూట ఎనభై ఆరు. కింద నూట పది.

"చూశావా!" అని మాస్టారు తొడ చరిచి నవ్వారు. "పనికిమాలిన సరుకు! రేపే తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టు."

ఆవిడ కూడా నవ్వింది. చిట్టి నవ్వలేదు. పట్టీ తన చేతికి చుట్టుకుని చూసుకుంది, సరిగ్గానే ఉంది. తల్లిని బతిమాలి కూర్చోబెట్టి, ఇంకోసారి చూసింది. నూట ఎనభై ఎనిమిది. మాస్టారి నవ్వు సగంలో ఆగింది.

"అమ్మా, డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం పద."

"నాకేమైందే? తలనొప్పా, కళ్ళు తిరగడమా? నిక్షేపంలా ఉన్నాను. సాయంత్రం ఆర్డర్లున్నాయి."

ఆర్డర్లు పక్కనపెట్టి ఇద్దరూ కలిసి ఆవిణ్ణి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ ఆ బేకరీలోనే బ్రెడ్డు కొనేది. ముందు ఆవిణ్ణి కాళ్ళు నేలకానించి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోమంది. రెండు చేతులకీ చూసింది. మర్నాడు మళ్ళీ రప్పించి చూసింది. తర్వాత గదిలో లైటు తగ్గించి, చిన్న దీపం పట్టుకుని ఆవిడ కళ్ళలోకి చాలాసేపు పరీక్షగా చూసింది.

"కంటి వెనక రక్తనాళాలు సన్నబడ్డాయమ్మా. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఏళ్ళనాటిది."

"అదెలా అండీ?" మాస్టారు అడ్డొచ్చారు. "బీపీ నాకు కదా! దీనికి కోపమే రాదు."

"కోపం వస్తే బీపీ పెరుగుతుంది, నిజమే. మెట్లెక్కినా పెరుగుతుంది. కాసేపటికి దిగిపోతుంది. దాన్ని జబ్బు అనం. తీరిగ్గా కూర్చున్నా, హాయిగా పడుకున్నా దిగకుండా ఉండిపోతే, అదీ జబ్బు. ఎక్కడా నొప్పి పెట్టదు కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు. లోపల గుండె, మెదడు, కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి. మీకేమో ఇప్పుడు చూశాను, భేషుగ్గా ఉంది. మీకు బీపీ ఉందని ఎవరు చెప్పారు?"

మాస్టారు పైకి మడిచిన చొక్కా చెయ్యి కిందికి లాగి బొత్తాం పెట్టుకున్నారు.

రోజూ ఒక మాత్ర, ఉప్పు తగ్గించడం, రోజూ కాస్త నడక, నెలకోసారి వచ్చి చూపించుకోవడం. "బాగుందనిపించినా మాత్ర మానకూడదు. మాత్ర పనిచేస్తోంది కాబట్టే బాగుందని గుర్తుపెట్టుకోండి" అని రెండుసార్లు చెప్పి పంపింది డాక్టరమ్మ.

ఆ మర్నాటి నుంచి మాస్టారు ఇంటిని చేతిలోకి తీసుకున్నారు. ఉప్పు బిస్కెట్ల డబ్బా గల్లా దగ్గర్నుంచి మాయమైంది. ఉప్పు బ్రెడ్డులో కూడా ఉందని గుర్తొచ్చి, ఇంట్లోకి చేసే బ్రెడ్డులో దాన్ని ఒక్కసారిగా సగానికి తగ్గించేశారు. ఉప్పు చాలకపోతే పిండి అదుపు తప్పి పొంగుతుందని ఆయనకి తెలియక కాదు, ఆత్రం. ఆ బ్రెడ్డు ఆకాశమంత లేచి, పొయ్యిలోకి వెళ్ళగానే చతికిలపడింది. "ఇది బ్రెడ్డా, పీటా?" అని చిట్టి పకపకా నవ్వింది. ఆయన పిండి మీద అరిచి, మర్నాడు చిటికెడు చిటికెడు తగ్గిస్తూ దారికి తెచ్చుకున్నారు.

పొద్దున్నే మొదటి బ్యాచి దించాక బీపీ చూసే పని కూడా ఆయనదే. చూసేముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి కదా. ఆవిడ కుర్చీలో, ఆయన ఎదురుగా స్టూలు మీద. పెళ్ళయ్యాక ఏ పనీ లేకుండా, ఏ మాటా లేకుండా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నది అదే మొదలు. ఆవిడ ముంగురుల్లో తెలుపు ఎప్పుడు వచ్చిందో ఆయన గమనించనే లేదు. ఎడమ చేతి మీద పాత కాలిన మచ్చ ఒకటుంది. ఏ ట్రే తగిలిందో, ఎప్పుడు తగిలిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అడుగుదామంటే మాట్లాడకూడదాయె.

అంకెలు రోజురోజుకీ దిగాయి. నూట అరవై, నూట నలభై ఐదు, నూట ముప్పై నాలుగు. బ్రెడ్డు కోసం వచ్చినవాళ్ళందరికీ మాస్టారు చెప్పుకున్నారు. తనకి అసలు బీపీ లేదన్న సంగతి అంతకంటే గట్టిగా చెప్పుకున్నారు.

తర్వాత ఒక వారం అంకెలు మెల్లగా ఎక్కడం మొదలుపెట్టాయి. ఒకరోజు నూట డెబ్భై ఎనిమిది కనపడింది.

"ఇదేంటి?" ఆయన మిషను పక్కన పెట్టారు. "మాత్ర వేసుకుంటున్నావా?"

ఆవిడ పట్టీ విప్పుకుంటూ, "మానేశాను" అంది, పాలవాడికి పాలు వద్దన్నట్టు.

"మానేశావా?" మాస్టారి గొంతు పొయ్యిగది దాటి వీధి చివరికి వెళ్ళింది. "నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా? డాక్టరమ్మ చెప్పింది చెవిన పడలేదా? ఇంత వయసొచ్చింది, చిన్నపిల్లవా నువ్వు? నేను పొద్దస్తమానం నీ చుట్టూ తిరుగుతుంటే..."

"అరవకండి."

ఆయన ఆగలేదు. "...నీకోసం బ్రెడ్డులో కూడా ఉప్పు మానేసి గడ్డి తింటుంటే..."

"అరవకండి అన్నానా!"

కేకు మీద పూలు వేస్తున్న చిట్టి చేతిలోంచి క్రీము సంచి జారిపోయింది. ఆ గొంతు తన తల్లిదని నమ్మడానికి ఆ పిల్లకి ఒక క్షణం పట్టింది.

ఆవిడ లేచి నిలబడింది. "ఇన్నేళ్ళూ మీకు బీపీ అని ఈ ఇంట్లో నేను తలుపు గట్టిగా వెయ్యలేదు. జ్వరమొస్తే చెప్పలేదు. చెయ్యి కాలితే చెప్పలేదు. మా తమ్ముడు ఇల్లు పోగొట్టుకుంటే స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చుకున్నాను, మీకు వినపడకూడదని. ఇప్పుడు మీకు అసలు లేదట! ఏనాడూ లేదట! అది వీధి వీధంతా చెప్పుకుని సంబరపడ్డారు. నాకెలా ఉంటుందో ఒక్కసారైనా అడిగారా?"

"నేను..."

"చిట్టికి పక్క ఊళ్ళో పెద్ద హోటల్లో కేకుల పని ఇస్తామన్నారు. నెల దాటింది. ఆ పిల్ల నాతో చెప్పుకుంది, మీతో చెప్పలేదు. అదీ నేనే మొయ్యాలి."

"అమ్మా..." అంది చిట్టి.

ఆవిడ మేడ మీదికి వెళ్ళిపోయింది. తలుపు దడాలున పడింది. మాస్టారు స్టూలు మీద అలాగే ఉండిపోయారు. పొయ్యిలో బన్నులు మాడుతున్న వాసన వస్తుంటే చిట్టే పరిగెత్తింది.

అన్నం వేళకి ఆయన చొక్కా మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. బయట బెంచీ మీద అందరి వెనక కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఎవరినీ ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళాక కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా నోటివల్లే వచ్చిందా అండీ దానికి? ఉన్నమాట చెప్పండి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అలా చెప్పలేనండీ. వయసు, ఉప్పు, కుటుంబంలో ఉండటం, ఇలా చాలా ఉంటాయి. ఫలానాదే కారణమని ఒక్కదాన్ని పట్టుకోలేం. మీరే చేశారని మాత్రం నేననను."

మాస్టారు అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మరి మాత్రలెందుకు మానేసింది?"

"అది నన్నడిగితే ఎలా? ఆవిణ్ణి అడగండి. అన్నట్టు, పుట్టింట్లో ఎవరికైనా బీపీ ఉందా అంటే ఆవిడ, అమ్మ లేదని మాత్రం చెప్పి మాట దాటేశారు. మీ అత్తగారికి ఉండేదా? ఆవిడ ఎలా పోయారు?"

మాస్టారికి తెలియదు. పెళ్ళినాటికే అత్తగారు లేరు. గోడ మీద ఫోటో చూశారు, అంతే. ఎలా పోయిందని ఈ పాతికేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి చిట్టి ఒక్కతే గల్లా దగ్గర ఉంది. ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆ హోటలు వాళ్ళకి ఎప్పట్లోగా చెప్పాలి?" అన్నారు మాస్టారు.

"వద్దులెండి నాన్నా. రానని చెప్పేస్తాను. అమ్మ ఇలా ఉండగా..."

"నేను అడిగింది ఎప్పట్లోగా అని."

"ఈ వారం లోపల."

"వస్తానని చెప్పు." ఆయన గొంతు సవరించుకున్నారు. "నీ చేతికి ఈ కొట్టు చాలదని నాకు ఎప్పుడో తెలుసు. పైకి అంటే నిజంగా వెళ్ళిపోతావేమోనని అనలేదు. అమ్మని నేను చూసుకుంటాను." కూతురి తల మీద చెయ్యి పెడదామని చాపి, చేతికి పిండి ఉందనుకుని వెనక్కి తీసుకున్నారు. పిండి లేదు. చిట్టే ఆ చెయ్యి పట్టుకుని తల మీద పెట్టుకుంది.

పైన తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు. ఆవిడ మంచం అంచున కూర్చుని, ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన్ని చూసి కూడా తలెత్తలేదు. ఆయన వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడ్డారు.

"మీ అమ్మ ఎలా పోయింది?"

ఆవిడ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఏదో ఒక మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి ఊరుకున్నారు.

"ఇలాగే" అంది చివరికి. "బట్టలు మడతపెడుతూ. నాకు పదకొండేళ్ళు. తమ్ముడు నా ఒళ్ళో ఉన్నాడు. నన్ను పిలవబోయి పక్కకి ఒరిగిపోయింది. ఆటలాడుతోందనుకున్నాను." ఆవిడ తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. "అంతకుముందు ఎప్పుడో రక్తపోటని మాత్రలిచ్చారు. మొదలుపెట్టిన ఏడాదికే పోయింది. ఆ మాత్రలే మింగేశాయని నాన్నమ్మ అనేది. డాక్టరమ్మ నాకూ అదే పేరు చెప్పి, అలాగే రోజూ ఒకటి అనగానే నా ప్రాణం పోయినంత పనైంది. మీరు అంకెలు తగ్గాయని సంబరపడుతుంటే, నేను రోజులు తగ్గుతున్నాయనుకున్నాను."

"నాతో చెప్పొచ్చు కదా!"

ఆవిడ ఆయన వైపు చూసింది, అంతే. ఆ చూపుకి మాస్టారు తల దించుకున్నారు.

నెమ్మదిగా అడిగారు, ఇంతకుముందు ఎవరితోనూ వాడని గొంతుతో. "మీ అమ్మ ఆ మాత్రలు రోజూ వేసుకునేదా?"

"వేసుకునే ఉంటుంది. సీసా దిండు పక్కనే ఉండేది." ఆవిడ ఆగింది. "అమ్మ పోయాక తమ్ముడు పాలకి ఏడుస్తుంటే ఆ సీసా ఊపి ఆడించేదాన్ని. గలగలమనేది. సగానికి పైనే..."

మాట అక్కడ తెగిపోయింది. ఆవిడ కళ్ళు ఎక్కడో దూరంగా చూస్తున్నాయి. ఆయనకి అర్థమైంది కానీ కదలలేదు.

"ఇచ్చి ఏడాదైంది" అంది ఆవిడ మెల్లగా. "ఒక్కటే సీసా. సగానికి పైనే ఉండేవి." తువ్వాలు ఒళ్ళోంచి జారిపోయింది. "వేసుకోలేదండీ. మా అమ్మ వేసుకోలేదు. బాగానే ఉంది కదా అనేది ఎప్పుడూ. నాలాగే అనేది."

ఇన్నేళ్ళూ కుళాయి చప్పుడు చాటున ఏడ్చిన మనిషి, ఆ రోజు తలుపు తీసి ఉండగానే, పదకొండేళ్ళ పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు ఆవిడ మోకాళ్ళ మీద చెయ్యి వేసి ఊరుకున్నారు.

"వేసుకుని ఉంటే ఉండేదా?" అంది ఎక్కిళ్ళ మధ్య.

"ఏమో. అది నాకు తెలీదు" అన్నారాయన. "నువ్వు మాత్రం ఉండాలి. నాకు భయంగా ఉంది. పొద్దున్న ఆ అంకె చూసినప్పట్నుంచీ. భయం వేస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదే. అరవడం ఒక్కటే వచ్చు."

ఆవిడ ఏడుపు ఆపి ఆయన్ని చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట వినని మాట అంటూ ఏదైనా ఉంటే భయం అన్నదొక్కటే.

ఆయన లేచి మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. తొందరలో సగం నీళ్ళు చొక్కా మీదే ఒలికాయి. ఆవిడ మాత్ర నాలుక మీద పెట్టుకుని, ఉన్న నీళ్ళతోనే మింగింది. గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో ఆయన చొక్కా తుడిచింది.

"నేల చల్లగా ఉంది. పైకొచ్చి కూర్చోండి" అంది.

ఆయన మంచం మీద ఆవిడ పక్కన కూర్చున్నారు. ఒక దుప్పటి అంచు ఆయన పట్టుకున్నారు, రెండో అంచు ఆవిడ పట్టుకుంది. మడత వంకరగా వచ్చింది. ఆవిడ సరిచెయ్యలేదు.

కింద దుకాణంలో ఎవరో తొందరపడుతున్నారు. "మాస్టారూ! మాస్టారు లేరా?"

"ఉన్నారండీ" అని చిట్టి జవాబు చెప్పడం పైకి వినపడింది. "అమ్మ దగ్గర ఉన్నారు. మీరు కాసేపు కూర్చోండి."